గదుమ కింది నలుపు

గంటసేపు కూర్చోమంది ల్యాబు మేడమ్. ఇంకో ముక్కను ఏదో మందులో వేసిందట, అది తేలేదాకా ఏమీ చెప్పలేనంది, అని పచ్చ పరదా వెనక్కి వెళ్లిపోయింది. నేను బల్ల మీద, నా పక్కన మావారు, ఆయన ఒళ్లో నల్లకోటు. కోర్టు నుంచి ఇటే వచ్చారు. ఆ కోటును పసిపిల్లను జోకొట్టినట్టు తడుతున్నారు, తడుతున్న సంగతి ఆయనకే తెలియదు. కరీంనగర్ కోర్టులో లక్ష్మీకాంతరావు వకీలు వాదన మొదలుపెడితే జడ్జీలు గడియారం వంక చూస్తారని పేరు. అటువంటి మనిషి నా ఆపరేషన్ అయినప్పటి నుంచి నాతో ఒక్క మాట పూర్తి చెయ్యడం లేదు. "దేవకీ, గట్లనే అయితే..." అంటారు, ఆగిపోతారు. "హైదరాబాద్ల మంచి డాక్టర్లు..." అంటారు, గోడ మీది క్యాలెండర్ చూస్తారు. మిగతా సగం నేను పూరించుకోవాలి. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈయన మాటలకు అడ్డుకట్ట వెయ్యాలని నేను పడని పాట్లు లేవు, ఇప్పుడేమో వాటంతట అవే ఆగిపోతుంటే గుండె జారిపోతోంది. పరదా వెనక నీళ్లు పడుతున్న చప్పుడు, గాజుకు గాజు తగులుతున్న చప్పుడు. స్పిరిట్ వాసన. బయట బస్టాండు వైపు పోయే రిక్షాల గంటలు. నా గదుమ కింద కట్టు, కట్టు కింద కుట్లు, కుట్ల కింద ఇంకా ఏముందో ఆ పరదా వెనక మనిషి చెప్పాలి.

గదుమ మీది మచ్చలో చిన్న గడ్డ, అంతే మొదలు. శనగగింజంత ఉన్నప్పుడు ఎవరు పట్టించుకుంటారు. మొహం కడుక్కునేటప్పుడు వేలికి తగిలేది, నొప్పి లేదు, దురద లేదు. రేగుపండంత అయ్యాక మావారే గమనించారు, ఆ మచ్చను రోజూ చూసే మనిషి ఆయనే కాబట్టి. తర్వాత దవడ కింద, లోపల, ఇంకొకటి తగిలింది, పట్టుకోబోతే జారిపోయే గింజ లాంటిది. సర్జన్ రెండూ ఒకేసారి తీస్తానన్నాడు. మత్తు సూది అక్కడి వరకే వేశారు, కళ్ల మీద బట్ట కప్పారు, తెలివి మాత్రం నాకు పూర్తిగా ఉంది. పై గడ్డ తీస్తున్నంతసేపు ఆయన నర్సుతో ఎవరి పెళ్లి విందు గురించో మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు. దవడ కింద కోసి లోపలి గింజ బయటికి తీశాడు, నవ్వు ఆగిపోయింది. "బ్లాక్" అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదనుకున్నాడు కాబోలు. ఆ తర్వాత నాకొచ్చిన భాషలోనే, "బొగ్గు లెక్కుంది" అన్నాడు ఆ మహానుభావుడు. బయట వరండాలో మావారికి చెప్పాడు, పుట్టుమచ్చ క్యాన్సర్‌గా మారిందని, అది ఒంట్లో నలుపు పుట్టించే రకమని, అన్నిటికంటే చెడ్డదని, అప్పుడే మెడలోకి దిగిందని, ఆ గింజ నలుపే దానికి సాక్ష్యమని. హైదరాబాదు తీసుకుపోతే కింది దవడ సగం, మెడలో కండ అంతా తీసేస్తారని, తీసినా మాట ఇవ్వలేమని. తీసిన రెండు ముక్కలనూ ఈ ల్యాబుకు పంపారు, జబ్బుకు పేరు పెట్టడానికి. పేరు పెట్టేస్తే ఇక బారసాల అయిపోయినట్టే, అది మన ఇంటి మనిషే.

పుట్టుమచ్చ. "గీ మచ్చ ఎప్పటిసంది ఉంది?" అని కోతకు ముందు ఆ సర్జన్ నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మావారు, "పుట్టుమచ్చ డాక్టర్ సాబ్, పుట్టినకాడికెల్లి ఉంది" అన్నారు. నా తరఫున మాట్లాడడం ఆయనకు అలవాటు, ఫీజు కూడా తీసుకోరు. నేను తల ఊపాను. ఎన్నేళ్లుగానో ఊపుతున్న తలే కదా, దానికి వేరే చెప్పనక్కర్లేదు. అది పుట్టుమచ్చ కాదు. పచ్చబొట్టు. హుస్నాబాద్ పక్కన మా ఊళ్లో, మగ్గం నేసే సాలోళ్ల ఇంట్లో, సాలోళ్ల అనసూర్యతో కలిసి, ఒకే మసిలో ముంచిన ఒకే సూదులతో పొడిపించుకున్న పచ్చబొట్టు. మావాళ్లు దాన్ని సున్నంతో కాల్చి చెరిపితే మిగిలిన మరక. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. మావాళ్లు పొదుపు మనుషులు, ఒక్కదానితో సరిపెట్టారు. చూపులకు వచ్చిన మా అత్తగారు నా గదుమ పట్టుకుని వెలుతురు వైపు తిప్పి "గిదేంది?" అని అడిగితే, నన్ను కన్న మా అవ్వ కన్ను కూడా ఆర్పకుండా "పుట్టుమచ్చ వదినా, లక్ష్మిమచ్చ" అంది. దొరబిడ్డ మొహం మీద సాలోళ్ల గుర్తు ఉందని ఎవరు చెబుతారు. పెళ్లయిన కొత్తలో మావారు ఆ మచ్చ మీద వేలు పెట్టి, "నా అదృష్టం గీడ దాసిపెట్టుకున్నవా?" అన్నారు. అప్పటికి ఇంకా లా చదువుతున్న పిల్లాడు, కళ్లు మెరుస్తున్నాయి. ఆ మొహం చూసి ఎలా చెప్పను. చెప్పలేదు. అయినా ఇప్పుడు చెప్పి ఏం లాభం, పుట్టుమచ్చయితేనేం, పచ్చబొట్టయితేనేం, గడ్డ గడ్డే కదా, గింజ నలుపు నలుపే కదా. ఇంతమంది చదువుకున్నవాళ్లు చూస్తున్నారు, వాళ్లకు తెలియని తేడా దానిలో ఏముంటుంది.

పరదా వెనక ఏదో మిషన్ గిర్రుమని తిరగడం మొదలైంది. రాట్నం. అనసూర్య రాట్నం తిప్పుతుంటే ఇలాగే ఉండేది, మొదట ఒక మూలుగు, తర్వాత ఒకే తీరుగా గిర్రుమని, మధ్యలో దారం తెగితే టక్కున ఆగడం, ఆమె తెగిన కొసలను నాలుకతో తడిపి కలపడం, మళ్లీ గిర్రుమని. కండెలు చుట్టడం ఆమె పని. వాళ్ల బాపు లక్ష్మీరాజం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుండేవాడు, తల ఎత్తేవాడు కాదు. ఇల్లంతా గంజి వాసన. మా గడిలో ఎన్ని గదులో, ఒక్క గదిలోనూ నా ఈడుది లేదు. చీర అంచు రంగు చూసొస్తానని వంక పెట్టి రోజూ వాళ్లింటికి పోయేదాన్ని, ఏ చీరకైనా అన్ని రోజులు అంచు చూస్తారా, మా అవ్వకు అనుమానం రాకపోవడమే వింత. అనసూర్యకు రెండు నోళ్లుండేవి. నలుగురిలో "చిన్నదొర్సానీ, మీరు కూసోండ్రి" అనేది, పీట తుడిచి వేసేది. వాళ్ల అవ్వ చంద్రవ్వ అటు తిరగ్గానే, "పిల్లా, జరుగు, నా కాలు తొక్కుతున్నవ్" అనేది. ఆ మాట కోసమే పోయేదాన్ని. దొరబిడ్డను పట్టుకుని జరుగు అనేవాళ్లు ఊరంతా వెతికినా ఆమె ఒక్కతే. చెప్పొద్దూ, నేనూ వెంటనే జరిగేదాన్ని.

పచ్చబొట్లు పొడిచే ఆమె ఎండాకాలంలో వచ్చేది, వేప చెట్ల నీడకు చేరిన వాడ వాడంతా ఆమె చుట్టూ మూగేది. పెళ్లీడు రాకముందే సాలోళ్ల ఆడపిల్లలకు గదుమ మీద మూడు చుక్కలు పొడిపించేవారు. చంద్రవ్వ తన ఇంటి దీపం మీద చిప్ప బోర్లించి మసి పట్టి ఉంచింది. ఆ మసిలో ఏదో ఆకు పసరు పోసి నూరింది పొడిచే ఆమె, మూడు సూదులు దారంతో కట్టింది. అనసూర్య ఏడవలేదు, కళ్లనుంచి నీళ్లు కారాయి అంతే. అనసూర్యది అయిపోగానే నేను ముందుకు జరిగి గదుమ ఎత్తాను. పొడిచే ఆమె సూదులు వెనక్కి లాక్కుంది. "అమ్మో, దొరబిడ్డకు పొడిస్తే నా చేతులిరుగగొడ్తరు" అంది. చంద్రవ్వ నా కాళ్లు పట్టుకున్నంత పని చేసింది, "వద్దు తల్లీ, మీ బాపు మమ్ముల బతుకనియ్యడు" అని. "పొడవకపోతేనే బాపుతోటి చెప్త" అన్నాను నేను. దొరతనం నాకు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే. అనసూర్య నా తల తన ఒళ్లో పెట్టుకుంది, నా చెంపలు రెండూ తన అరచేతుల్లో పట్టుకుంది, కదలకుండా. ఆ అరచేతులు చల్లగా ఉన్నాయి, గంజి వాసన, నూలు పోగుల గరుకు. పొడిచే ఆమె నొప్పి తెలియకుండా పాట పాడుతోంది, అనసూర్య మొహం నా మొహం మీద తలకిందులుగా ఉంది, ఆమె గదుమ నుంచి ఒక నెత్తురు చుక్క జారి నా నుదుటి మీద పడింది. "సొమ్ములు ఇంట్లనే ఉంటయ్ బిడ్డా, పచ్చబొట్టే కాటిదాక వస్తది" అంది పొడిచే ఆమె, సూదులు తుడుచుకుంటూ. అందరికీ అదే మాట చెప్పేది, బేరం కోసం. అనసూర్య మాత్రం నమ్మింది. "అయితే ఆడికి పోయినంక గూడ నిన్ను గుర్తువడ్త" అంది నాతో. అప్పటికి మాకు ఆడికి అంటే ఎక్కడికో కూడా సరిగ్గా తెలియదు.

"దేవకీ, చాయ్..." మావారు. వద్దన్నాను. గదుమ కదిపితే కుట్లు లాగుతున్నాయి. వద్దన్నందుకు ఆయన కూడా తాగలేదు, ఎప్పుడూ నా మీద అలిగి తాగేవారు, ఇప్పుడు నాతో పాటు మానుకున్నారు. మంచి మనిషి. ఒకసారి కూడా నన్ను పుట్టింటి మాట అని దెప్పలేదు, వంటలో ఉప్పెక్కువైతే కేసు వాదించేవారు తప్ప. ఈయన మొహం చూస్తూ నేను లోపల లోపల వేరే ఊరికి టికెట్టు కొనుక్కుంటున్నాను, ఆ సంగతి ఈయనకు తెలియదు. మేడమ్ బయటికొచ్చి, అవును, అదేనమ్మా, అంటే నేను హైదరాబాదు పోను. దవడ కోయించుకోను. బొంబాయి పక్కన భీవండి పోతాను, అనసూర్య పోయిన ఊరికి. ఉన్న నాలుగు నెలలో ఆరు నెలలో, దవడ ఉన్నప్పుడే, నోట మాట వస్తున్నప్పుడే, ఆ ఊళ్లో సందు సందు తిరిగి కరీంనగర్ సాలోళ్లు ఎక్కడుంటారని అడుగుతాను. దొరికితే దొరుకుతుంది. ఈయనకు ఏమని చెప్పాలి? ఏమండీ, చచ్చేలోపు ఒక సాలోళ్లామెను చూడాలి అంటే, వైద్యం మాని ఇదేం పిచ్చి అనరా? ఏ గుడికో పోతానంటే పంపుతారు, తానే తీసుకుపోతారు. మనిషి కోసం పోతానంటే మాత్రం కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే మచ్చ దగ్గరి నుంచి మొదలుపెట్టాలి.

ఆ సున్నం. చాకలి సోడా కలిపి, తమలపాకులో పెట్టి, గదుమకు గుడ్డతో బిగించి కట్టారు. పెళ్లిచూపులకు ఇంకా రెండు నెలలన్నా లేవు. పచ్చబొట్టు పొడిపించుకున్న నాడే మా అవ్వ చెంప పగలగొట్టింది, మా బాపు లక్ష్మీరాజాన్ని పిలిపించి ఎండలో వాకిట్లో నిలబెట్టాడు, పగ్గంలా సన్నని మనిషి, పొద్దు వాలేదాకా చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. తరువాత కొన్నేళ్లు అందరూ మరచిపోయారు, సంబంధాల మాట రాగానే అందరికీ జ్ఞాపకం వచ్చింది. ఎన్ని కట్లు కట్టారో. తోలు ఊడింది, పుండు పడింది, పుండు మానింది, మూడు చుక్కలు పోయి ఒక్క మరక మిగిలింది. పుండుతో పడుకున్నప్పుడు నేను ఏడ్చింది మంటకు కాదు. ఏడుస్తూ అద్దం అడిగి చూసుకుని, ఏ చుక్క ఎక్కడుండేదో గుర్తుపట్టలేక ఏడ్చాను.

అరవై తొమ్మిదిలో వచ్చింది అనసూర్య. జై తెలంగాణ గొడవలు, బస్సులు బంద్, పుట్టింటికి పోలేక నాకు రెండో పురుడు అత్తగారింట్లోనే. పురిటి గదికి వీధి వైపు ఒక కిటికీ. మధ్యాహ్నం పిల్లకు పాలిస్తున్నాను, "పిల్లా" అని వినబడింది. తొమ్మిదేళ్లయింది ఆ మాట విని. నెత్తిన చీరల మూట, పాదాల నిండా దుమ్ము, ఊచలకు ఆనుకుని అనసూర్య. హుస్నాబాద్ నుంచి ఎవరి ఎడ్లబండిలోనో వచ్చిందట. నూలు ధర పిరమయ్యింది, మగ్గాలు నడవడం లేదు, మొగుడు దేవదాస్‌తో భీవండికి పోతోంది, అక్కడ కరెంటు మగ్గాలున్నాయట. "మల్ల ఎప్పుడొస్తమో ఏమో, చూసిపోదామని వచ్చిన" అంది. గదుమ మీద ఆమె మూడు చుక్కలు పచ్చగా అలాగే ఉన్నాయి. అప్పుడు ఆమె చూపు నా గదుమ మీద ఆగింది. నేను కొంగు లాక్కున్నాను. ఊచల మధ్యనుంచి చెయ్యి పెట్టి కొంగు పక్కకు తప్పించింది, పురిటి మైల అంటుతుందని కూడా చూసుకోలేదు. మచ్చ మీద వేలితో మెల్లగా రాసింది. ఎందుకు తీయించుకున్నవ్ అంటుందనుకున్నాను.

"బగ్గ నొచ్చిందా?" అంది.

లేదన్నాను. "అబద్ధం" అని నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. లోపలి నుంచి మా అత్తగారు "కిటికీకాడ ఎవరు?" అని కేకేసింది. అనసూర్య అప్పటికప్పుడు నోరు మార్చి, "నేనే దొర్సానమ్మా, చీరలు తెచ్చిన, తీసుకుంటరా?" అంది. వద్దు పొమ్మంది మా అత్తగారు. మూట సవరించుకుని వెళ్లిపోయింది. పిల్ల పాల కోసం ఏడుస్తోంది, నేను కిటికీ దగ్గర నిలబడే ఉన్నాను, సందు మలుపు తిరిగేదాకా మూట కనబడింది, ఆమె కనబడలేదు. ఆమె నన్ను దెప్పి పోయినా బాగుండేది, నేనూ నాలుగు మాటలనుకుని మరచిపోయేదాన్ని.

అదే చివరిది. ఇరవై ఏళ్లు. నాకు ఏం తక్కువ అని నన్ను నేనే అడుగుతుంటాను, ఇద్దరు బిడ్డలు, పెళ్లిళ్లయ్యాయి, మనవలు, ఇల్లు, ఈయన. అయినా మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక నాకు ఒక్కదాని మీదే బెంగ. పేరు పెట్టలేని బెంగ. చెల్లెలి మీదయితే బెంగ అంటారు, మొగుడి మీదయితే విరహం అంటారు, సాలోళ్ల పిల్ల మీద దొరబిడ్డకు వచ్చేదాన్ని ఏమంటారో నాకెవరూ చెప్పలేదు. అందరూ నన్ను పిలుస్తారు, అమ్మా అని, వదినా అని, దొర్సానీ అని, వకీలు గారి భార్య అని, దేవకీ అని. పిల్లా అని పిలిచే నోరు ఒక్కటే ఉండేది. పేపర్లో భీవండి అల్లర్లు అని వచ్చిన ఏడు ప్రతి పొద్దూ మావారికంటే ముందు పేపరు నేనే లాక్కున్నాను, ఇదేంది దేవకి రాజకీయాలు చదువుతోంది అని ఆయన మురిసిపోయారు. చనిపోయినవాళ్ల పేర్లు ఎక్కడ వేస్తారు, అంకెలు వేశారు. ఆ ఊరు నాకు తెలియదు గాని కళ్లు మూసుకుంటే కనబడుతుంది, రేకుల కింద మగ్గాలన్నీ ఒక్కసారి దడదడలాడుతుంటే మాట వినబడక మనుషులు సైగలు చేసుకుంటుంటారు, మధ్యలో తెగిన పోగును నాలుకతో తడిపి అతికిస్తున్న ఒక నెరిసిన తల. మరాఠీ నేర్చుకుని ఉంటుంది. గదుమ మీది చుక్కలు ముడతల్లోకి పోయి ఉంటాయి. ఉండాలి. ఆమెకైనా ఉండాలి. నాకు వెంట వచ్చేది ఏమీ లేదు, సున్నంలో పోయింది, అక్కడికి పోయాక నన్ను ఏం చూసి గుర్తుపడుతుంది?

మిషన్ ఆగింది. పరదా జరిగింది. ప్రమోదిని మేడమ్, హుజూరాబాద్ వాళ్ల అమ్మాయి, మా పెద్దమ్మాయికంటే ఓ నాలుగేళ్లు పెద్దదేమో, కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, వేళ్లకు ఊదారంగు అంటి ఉంది. "లోపలికి రాండ్రి" అంది. మావారు కోటు తొడుక్కున్నారు, తీర్పు వినడానికి కోటు లేకుండా ఎలా వెళ్తారు. లోపల మైక్రోస్కోపు, మూడు స్టూళ్లు. ఆమె కూర్చోమని, నా మొహంలోకి చూసి, "ఒక్క సంగతి అడుగుత. మీ గదువ మీది మచ్చ పుట్టినప్పటిదేనా?" అంది.

"పుట్టుమచ్చనే మేడమ్" అన్నారు మావారు. "పెండ్లిచూపుల నాడు మా అమ్మ గిదే సవాలు అడిగింది..."

"సార్, నేను అమ్మను అడుగుతున్న."

ఈయనను ఏ కోర్టులోనూ ఎవరూ అలా కూర్చోబెట్టి ఉండరు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ అనిపించింది. రేపు నన్ను కాటికి మోసుకుపోయేటప్పుడు కూడా లక్ష్మిమచ్చ అనే చెప్పుకుంటారు, నేను లేచి కాదనలేను. ఉన్నప్పుడే ఒక్కసారి అసలు పేరుతో దాన్ని పిలవాలి. అనసూర్య వేలు పెట్టి రాసిన చోట, ఇప్పుడు కట్టు ఉన్న చోట, చెయ్యి పెట్టుకున్నాను.

"పుట్టుమచ్చ గాదు. పచ్చబొట్టు" అన్నాను. మాట గట్టిగానే వచ్చింది. "సాలోల్ల అనసూర్య, నేను కలిసి పొడిపిచ్చుకున్నం. మా అవ్వ పెండ్లికి ముంగట సున్నం పెట్టి తీపిచ్చింది. గది పోంగ మిగిలిన మరక."

మావారు నా వైపు తిరిగారు. "ఇరవై తొమ్మిదేండ్లు..." అన్నారు, అదీ సగమే. నేను ఆయన వంక చూడలేదు, మేడమ్‌నే చూస్తున్నాను, ఆమె మొహంలో ఏదో వదులైంది. నెత్తి మీది కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఎంత పని చేసిన్రమ్మా, గీ ముక్క ముందే చెప్తే ఇన్ని దినాలు పరేషాని ఉండకపోవు" అంది, కోపంగా అంటూనే నవ్వేసింది. "మెడలకెల్లి తీసిన గింజ నల్లగుంది, నిజమే. గని అది క్యాన్సర్ నలుపు గాదు. ఒంట్ల పుట్టే నలుపైతే నేనేసిన మందుల తెల్లబడాలె. తెల్లబడలే. గంట సేపు గందుకే ఆపిన. అది మసి. తోలు మీద పొడిచిన మసి ఏండ్లకేండ్లు జర జరంత లోపలికి దిగి, దవడ కింద గింజల చేరి కూసుంటది. మీ అవ్వ సున్నం పెట్టి కాల్చింది పైదాన్ని. లోపలికి పోయినదాన్ని ఎవరు కాలుస్తరు?"

"మరి గదువ మీది గడ్డ?" మావారి గొంతు నాకు కొత్తగా వినబడింది.

"అది చెమట గ్రంథిల పుట్టే గడ్డ సార్. చానా అరుదు. పుస్తకంల చదివిన గని నా చేతికి వచ్చుడు గిదే మొదటిసారి. పచ్చబొట్టు కాడనే పుట్టింది, పైన నలుపు కలిసింది, గందుకే డాక్టర్ సాబ్‌కు అనుమానమొచ్చింది, ఆయన తప్పు లేదు. ప్రాణం తీసేది గాదు. అంచులు గూడ చూసిన, మొత్తం వచ్చింది. దవడ కోసుడు లేదు, హైదరాబాద్ పోవుడు లేదు. ఆర్నెల్లకోసారి చూపిచ్చుకుంటే సాలు."

ఆయన కోటు చేతితోనే కళ్లు ఒత్తుకున్నారు. "దేవకీ, నువ్వు నాతోటి ఇంటికి వస్తున్నవ్" అన్నారు, ఇన్ని రోజుల్లో నాతో పూర్తి చేసిన మొదటి వాక్యం. నేను బతుకుతాను, రేపు పొద్దున పాలు పొంగిస్తాను, మనవల చెవులు మెలిపెడతాను, ఈయన వాదనలు ఇంకా ఎన్నేళ్లో వింటాను. దేవుడా అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. మేడమ్ మైక్రోస్కోపు నా వైపు జరిపి, "చూస్తరా? గిదే మీ పచ్చబొట్టు" అంది. ఒక కన్ను మూసి చూశాను. మొదట నా రెప్పవెంట్రుకలే కనబడ్డాయి. ఆమె ఏదో తిప్పింది. ఊదారంగు నేల, దాని నిండా చల్లినట్టు నల్లటి పలుకులు, కొన్ని ఒంటరిగా, కొన్ని కుప్పలుగా. చంద్రవ్వ ఇంటి దీపం మసి. అనసూర్య గదుమలోంచి తీసి నా గదుమలో దించిన సూదుల మసి. పోయిందనుకుని నేను అద్దం ముందు ఏడ్చిన రోజు నుంచి, ఆమె కిటికీ దగ్గర నొచ్చిందా అని అడిగిన రోజూ, అల్లర్ల పేపరు చదివిన పొద్దుల్లోనూ, ఇది ఎక్కడికీ పోలేదు, గొంతు పక్కనే ఉంది, నేను మాట్లాడినప్పుడల్లా, మింగినప్పుడల్లా నాతో పాటు కదిలింది. నాకే తెలియలేదు. ఎంత తడుముకుని ఉంటే దొరికేది, వేలెడు దూరంలో.

కన్ను తియ్యకుండానే అడిగాను. "మేడమ్, లోపల ఇంక జరంతనన్న మిగిలిందా?"

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. చాలా మెత్తగా, భయపడే మనిషికి చెప్పినట్టు చెప్పింది. "లేదమ్మా. మెడంత ఒత్తి చూసిన్రు, ఇంకో గింజ లేదు. నలుపంత గా ఒక్కదాంట్లనే ఉండె. మొత్తం తీసేసిన్రు, ఏం ఫికర్ జెయ్యకుండ్రి."

తల ఎత్తలేకపోయాను. గాజు మీద నా కన్నీళ్లు పడితే ఆమె ముక్క పాడవుతుందని కొంగు అడ్డం పెట్టుకున్నాను, కుట్లు లాగుతున్నా ఆగలేదు, పురుళ్లకూ చావులకూ కూడా నేను అలా ఏడవలేదు. మావారు కంగారుగా నా వీపు నిమిరారు.

"గిప్పుడెందుకేడుస్తున్నవే? అంత పోయింది గదా" అన్నారు.

"గందుకే ఏడుస్తున్నండి" అన్నాను.